తిప్పని పలక

ఎఫీకి చేపలు కొనడం చేతకాదని వాళ్ళక్క థోరా ఊరంతా చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. శనివారం పొద్దున రేవుకి పంపితే, బుట్టల్లో చేపల్ని చూడాల్సిన మనిషి పడవల్ని చూస్తూ నిలబడిపోయేది. ఈలోగా మంచి చేపలన్నీ ఎవరో పట్టుకుపోయేవారు.

ఆ శనివారమూ అంతే. వాన వెలిసి పలచగా ఎండ కాసింది. ఒడ్డున కట్టేసి ఉన్న ఓ పాత పడవ తెరచాప కొయ్యకేసి ఎఫీ ఊరికే చూసింది. కొయ్యకి కుడి పక్కన ఇంకో సన్నపాటి కొయ్య కనిపించింది. ఆ పడవకి ఉన్నది ఒక్కటే కొయ్య. ఏళ్ళ తరబడి చూస్తున్న పడవ, ఎఫీకి తెలియదూ?

కళ్ళు నులుముకుంది. రెండోది అక్కడే ఉంది. ఎడమ కన్ను మూసి చూసింది, రెండు కొయ్యలు. కుడి కన్ను మూసి చూసింది, ఒక్కటే కొయ్య.

గుండె గుభేలుమంది. చేపలవాడు "ఏమ్మా, తూచమంటారా వద్దా?" అని అరుస్తున్నా వినిపించలేదు. కుడి కన్నంటే ఎఫీకి మామూలు కన్ను కాదు, అన్నం పెట్టే కన్ను. ఆ కన్నుతోనే ఈ మధ్యే ఆమె ఒక నక్షత్రానికి జోడు నక్షత్రాన్ని కనిపెట్టింది. పెద్ద గీతకి కుడి పక్కన సన్న గీత. అచ్చం ఈ కొయ్యలాగే.

ఇంట్లో ఎఫీ, కొండ మీద మిస్ యూఫీమియా ఇస్బిస్టర్. పోర్ట్ కెల్విక్ ఊరి వెనక కొండ మీదున్న అబ్జర్వేటరీలో ఆమె కొలిచే మనిషి, లెక్కలు కట్టే మనిషి. టెలిస్కోపు దగ్గర నిలబడి చుక్కల్ని చూసే భాగ్యం మగవాళ్ళది. వాళ్ళు రాత్రి ఫోటోలు తీసిన గాజు పలకలు పగలు ఎఫీ బల్ల మీదికి వచ్చేవి. పలక మీద నక్షత్రం వెలుగు బూడిద రంగు పట్టీలా పరుచుకుని ఉంటుంది. దానికి అడ్డంగా సన్నని గీతలు. నక్షత్రం మనవైపు వస్తుంటే గీతలు ఊదా రంగు వైపు జరుగుతాయి, దూరంగా పోతుంటే ఎరుపు వైపు. ఎంత జరిగాయో మైక్రోస్కోపులో చూస్తూ, అద్దానికి అడ్డంగా బిగించిన సాలెపోగు ఆ గీత మీదికి వచ్చేదాకా మర తిప్పి కొలిస్తే నక్షత్రం వేగం తెలుస్తుంది.

ఒకే నక్షత్రం కొన్నాళ్ళు మనవైపు వచ్చి, కొన్నాళ్ళు పోయి, మళ్ళీ వస్తోందంటే దానికో జోడు ఉన్నట్టే. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నట్టే. ఎంత పెద్ద టెలిస్కోపుకీ విడివిడిగా కనబడని జంటలవి. వాటి కాపురం సంగతి వేగాలే చెప్పాలి. ఎఫీ ఆ వేగాల్ని తేదీల వారీగా కాగితం మీద చుక్కలుగా పెట్టేది, చుక్కల్ని కలుపుతూ వంపు గీసేది, నడిమి గీతను పైకీ కిందికీ జరిపి చూసేది. వంపు ఒక పక్క నిలువుగా లేచి మరో పక్క నింపాదిగా దిగితే, అవి తిరిగే దారి కోలగా ఉన్నట్టు. ఎన్నాళ్ళకోసారి తిరుగుతున్నాయో, ఎంత కోలగా తిరుగుతున్నాయో కూడికలూ గుణకారాలూ చేసే చేతిమర తిప్పుతూ లెక్క తేల్చేది. ఆమె కట్టిన కక్ష్యలు చాలానే అచ్చయ్యాయి. పేరు మాత్రం వేరేవాళ్ళది. చివర్లో చిన్నక్షరాల్లో "మిస్ ఇస్బిస్టర్ సాయపడ్డారు" అని ఉండేది.

ఈసారి అలా కాదు. ఒక అనామక నక్షత్రం, దానికి పేరు కూడా లేదు, నంబరే. జోడుందని వేగాలు చెబుతూనే ఉన్నా ఆ జోడు గీత ఎవరికీ కనబడలేదు. ఎఫీకి కనబడింది. రెండింటి వేగమూ దొరికితే ఏది ఎంత బరువో కూడా తేలుతుంది. అబ్జర్వేటరీ పెద్ద డాక్టర్ ప్రథెరో చిన్నపిల్లాడిలా గంతేశాడు. వ్యాసం రాశాడు, దాని పైన తన పేరు పక్కనే ఆమె పేరు పెట్టాడు. వచ్చే వారం ఓడెక్కి దక్షిణాదికి పోయి, ఖగోళం వాళ్ళ సభలో అందరి ముందూ చదవబోతున్నాడు.

ఇప్పుడు ఆ జోడు ఆకాశంలో ఉందా, ఎఫీ కంట్లో ఉందా?

"ఏమే, చేపలేవి?" అంది థోరా, ఖాళీ బుట్ట చూసి.

"మరిచిపోయా."

"రేవుకి వెళ్ళి చేపలు మరిచిపోయావా! ఆకాశంలో చుక్కలన్నీ గుర్తుంటాయి, అర డజను హెరింగులు గుర్తుండవు. మధ్యాహ్నం ఏం తిందాం మరి, నీ నక్షత్రాలు వేపుకు తిందామా?"

థోరా చర్చిలో హార్మోనియం వాయిస్తుంది, ఇంటిదగ్గర పిల్లలకి పియానో నేర్పుతుంది. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది. మామూలుగా అయితే ఎఫీ ఏదో ఒకటి అంటించేది. ఆ రోజు కోటైనా విప్పకుండా పొయ్యి పక్కన కూర్చుంది.

"చలి తగిలిందా?"

"ఆఁ, చలే."

చలి కాదు, మిస్ ఓర్ఫా లంట్. ఎఫీకి ముందు ఆ కొలిచే గదిలో, ఆ కుర్చీలోనే కూర్చున్న మనిషి. ఎఫీ కొత్తగా చేరిన రోజుల్లో మిస్ లంట్ కొలతలు చెదరడం మొదలుపెట్టాయి. ఇవాళ్టి అంకెకీ రేపటి అంకెకీ పొంతన ఉండేది కాదు. ఒకరోజు డాక్టర్ ప్రథెరో, అప్పటికి ఇంకా జుట్టు నల్లగానే ఉన్న మనిషి, మెల్లగా దిగి వచ్చాడు. కుర్చీ లాగి, "కూర్చోండి మిస్ లంట్" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! తలుపు దగ్గర నిలబడి విన్న ఎఫీకి ఆ కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత మిస్ లంట్ మళ్ళీ కొండెక్కలేదు. కొన్నేళ్ళకి ఎఫీ ఆమెను రేవు దగ్గర హోటలు చాకిరేవులో చూసింది. దుప్పటి అంచులు వేళ్ళతో తడుముకుని మడతపెడుతోంది. "బాగున్నారా మిస్ లంట్?" అంటే, "ఎవరమ్మా?" అంది.

అప్పుడే నయం. ఇప్పుడు మగవాళ్ళే పనుల్లేక గిన్నెడు సూప్ కోసం చర్చి ముందు వరుసలు కడుతున్న రోజులు. కన్ను పోయిన ఆడమనిషికి ఎవరిస్తారు పని?

సోమవారం కొండ మీదికి వెళ్ళి, ఎఫీ ముందు ఇనుప గీతల్ని చూసింది. నక్షత్రం పట్టీకి పైనా కిందా, కొలతకి ఆనవాళ్ళుగా, కాలే ఇనుము వెలుగులోని గీతలు ముద్రించి ఉంటాయి. వాటి పక్కన కూడా నీడ ఉంటే తన కన్ను పాడైనట్టే. కానీ అవి చీమల బారులా కిక్కిరిసి ఉన్నాయి. ఏది నీడో ఏది పొరుగు గీతో తేల్చుకోలేక, తేల్చుకునే ధైర్యమూ చాలక, మైక్రోస్కోపుకి మూత పెట్టేసింది.

అసలు తేల్చుకోవడానికి ఇంకా సులువైన దారి ఉంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కొలతకి ఒక ఆచారముంది. ఎరుపు కొస కుడివైపు ఉండేలా పలక పెట్టి ఒకసారి కొలవాలి. తర్వాత తీసి, తిప్పి పెట్టి, ఎరుపు ఎడమవైపుండగా మళ్ళీ కొలవాలి. ఎవరి కన్నైనా ఏదో ఒక పక్కకి మొగ్గుతుంది. తిప్పి కొలిస్తే ఆ మొగ్గు అటూ ఇటూ కొట్టుకుపోతుంది. ఎఫీ ప్రతి పలకనీ తిప్పేది. మరీ సన్న గీతల దగ్గర మాత్రం తనదో సొంత వాదం. "సన్న గీతని ఒకసారి చూశాక కన్ను దాన్ని మరిచిపోదు. తిప్పి పెట్టినా తను అనుకున్న చోటే వెతుక్కుని, దొరికిందంటుంది. అది రెండో కొలత కాదు, మొదటిదానికి నకలు" అనేది. వాదన బాగానే ఉందని అందరూ తలూపారు. అలా జోడు గీతను అన్ని పలకల్లోనూ ఒకవైపునుంచే కొలిచింది. పలక తిప్పాక పెద్ద గీతలే చూసేది, సన్నవాటి జోలికి పోయేది కాదు. అన్నింటిలోనూ అది కుడివైపే ఉంది. జంట సగం చుట్టు తిరిగి అవతలి కొసన ఉన్నప్పుడు జోడు గీత ఎడమవైపుకి రావాలి, కానీ ఆ రోజుల్లో మబ్బులు పట్టి మంచి పలకలే రాలేదు.

పోనీ డాక్టర్ ప్రథెరో కూడా చూశాడు కదా? చూశాడు. ఆ రోజు మైక్రోస్కోపు మీదికి వంగి "ఎక్కడండీ?" అన్నాడు. "పెద్ద గీతకి కుడి పక్కన, వెంట్రుకవాసి దూరంలో" అని తనే చెప్పింది. "ఆఁ! ఆఁ! కనిపించింది, భలే!" అన్నాడాయన. అప్పుడు పొంగిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతోంది. చోటు చెప్పి మరీ చూపిస్తే కనపడనిదేముంటుంది?

పలక తిప్పి పెడితే చాలు. గీత నక్షత్రానిదైతే పలకతోపాటు ఎడమకి పోతుంది. కంటిదైతే కుడివైపే ఉండిపోతుంది. ఎఫీ పలక అంచు పట్టుకుంది. వదిలేసింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజు అసలు ఆ పలకలున్న పెట్టె జోలికే పోకుండా వేరే నక్షత్రాల లెక్కలు ముందేసుకుని కూర్చుంది. ఆ లెక్కల్లోనూ తప్పులు పోయాయి.

ఇంట్లో వంటగది కిటికీలోంచి చూస్తే పోస్టాఫీసు మీది జెండా కర్ర కనబడుతుంది. రోజూ పొద్దున్నే ఎఫీ అరచేతితో ఒక కన్ను మూసుకుని దాన్ని చూసేది, ఆ తర్వాత రెండో కన్ను మూసుకుని చూసేది. రెండు. ఒకటి. రెండు. ఒకటి. వెనకనుంచి థోరా గరిటె పట్టుకుని వచ్చింది.

"నిన్నా ఇక్కడే నిలబడ్డావు, మొన్నా ఇక్కడే. ఆ జెండా కర్రతో ఏంటే నీకు సరసం?"

ఎఫీ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. థోరా పొయ్యి మీద గంజి అడుగంటిపోతున్నా పట్టించుకోకుండా చెల్లెల్ని బెంచీ మీద కూలేసి, మాట మాటా లాగి అంతా చెప్పించుకుంది.

"డాక్టర్ దగ్గరికి పద. ఇప్పుడే, ఈ పళంగానే."

"డాక్టరు కంటి సంగతి చెబుతాడు, నక్షత్రం సంగతి చెప్పడు కదా."

"మరి నక్షత్రం సంగతి ఎవరు చెబుతారు?"

"పలక తిప్పితే తెలిసిపోతుంది."

"తిప్పడానికి ఎంతసేపు?"

"టీలో చక్కెర కలిపినంతసేపు."

థోరా గరిటె బెంచీ మీద కొట్టింది. "దానికా ఇన్నాళ్ళబట్టి తిండీ తిప్పలూ మానేసి చస్తున్నావు? ఓసి పిచ్చిమొహమా!"

"నీకు తెలీదక్కా. తిప్పనంతవరకూ అది ఉంది. తిప్పాక లేకపోతే? నా పేరుతో వచ్చింది అదొక్కటే. అది లేదంటే, నా కన్నూ లేనట్టే. రెండూ ఒక్కసారే పోతాయి."

గంజి మాడిన వాసన ఇల్లంతా నిండింది. థోరా లేచి గిన్నె దించింది. వెనక్కి తిరక్కుండానే, "ఆయన అంతమందిలో చదివేశాక లేదని తేలితే?" అంది. "అప్పుడు నీ పేరొక్కటే కాదు, ఆయన పేరూ పోతుంది. రేపేగా ఓడ?"

ఆ రాత్రి ఎఫీకి కునుకు లేదు.

తెల్లారి వాన. కొండెక్కే బస్సులో ఎఫీ పక్క మనుషుల పలకరింపులకి ఏం జవాబిచ్చిందో ఆమెకే తెలియదు. అబ్జర్వేటరీ నడవాలో డాక్టర్ ప్రథెరో తోలుపెట్టె సిద్ధంగా ఉంది. ఆయన పై గదిలో ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నాడు. ఎఫీ గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. పలక తీసి, ఎరుపు కుడివైపు ఉండేలా పెట్టింది. పెద్ద గీత. కుడి పక్కన సన్న గీత. ఎప్పట్లాగే.

పలక పైకి తీసింది. గాజు ఇనుప చట్రానికి తగిలి టక్కుమంది. పగిలితే బాగుణ్ణు అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడింది. తిప్పి పెట్టింది. కుడి కన్ను ఆనించింది కానీ తెరవలేదు. ఆదివారం ప్రార్థనలో పెదవులు మాత్రమే కదిపే ఎఫీ, ఆ పూట మనసారా అడిగింది. ప్రభువా, నక్షత్రం నిజమైతే చాలు. కంటి సంగతి నేను నిన్ను అడగను.

తెరిచింది.

సన్న గీత ఎడమవైపు ఉంది.

పలకతోపాటు కదిలింది! ఆకాశంలో ఉంది! ఎఫీ నోట్లోంచి కేకలాంటిదేదో వచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది, కరువుతీరా చూసింది. ఎడమవైపు, స్పష్టంగా, జోడు గీత. అప్పుడు కుడివైపుకి చూపు పోయింది. పెద్ద గీతకి కుడి పక్కన, ఇంకా సన్నగా, ఇంకా మసకగా, మరో గీత ఉంది. పలక తిప్పినా అది కదల్లేదు.

ఎడమ కన్ను పెట్టి చూసింది. కుడివైపుది లేదు. జోడు ఒక్కటే ఉంది.

ఇన్నాళ్ళూ రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయన్నమాట. నక్షత్రం జోడు ఆకాశంలోనూ ఉంది, నీడ ఆమె కంట్లోనూ ఉంది. అడిగింది దొరికింది. అడగనన్నది కూడా దొరికింది. ఎఫీ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

తలుపు తోసుకుని డాక్టర్ ప్రథెరో వచ్చాడు, కోటు తొడుక్కుని, టోపీ చేత్తో పట్టుకుని. "మిస్ ఇస్బిస్టర్, పలకలు ఇచ్చేస్తే బయల్దేరతాను. ఓడవాడు నా ముఖం చూసి ఆగడు. ఏమిటలా ఉన్నారు? దయ్యాన్ని చూశారా?"

ఇచ్చేయొచ్చు. నక్షత్రం నిజమే కదా! ఎవరికి తెలుస్తుంది? ఎఫీ పలకని కాగితంలో చుట్టింది కూడా. కానీ వ్యాసంలో జోడు నక్షత్రం బరువు అంకె ఉంది. ఆ అంకె సగం ఆకాశం చెప్పింది, సగం తన కన్ను చెప్పింది. దాన్నాయన అంతమందిలో నిలబడి చదువుతాడు. రేపెవరో పలక తిప్పి కొలుస్తారు.

"జోడు ఉంది సార్. ఇప్పుడే మళ్ళీ చూశాను. దాని బరువు మాత్రం చదవకండి."

"ఎందుకని? అసలు ముచ్చటే అది కదా!"

"ఒక పక్కనుంచే కొలిచాను. తిప్పి చూస్తే..." చుట్టిన కాగితం విప్పింది. "నా కుడి కంట్లో గీతలు రెండుగా కనిపిస్తున్నాయి సార్. నక్షత్రం గీతకీ నా కంటి నీడకీ తేడా తెలియకుండా కొలిచేశాను. ఆ నీడ వేగాల్ని ఓ పక్కకి లాగేసి ఉంటుంది. వేగం తప్పైతే బరువూ తప్పే."

డాక్టర్ ప్రథెరో ముఖంలో నవ్వు అలాగే కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా దిగిపోయింది. టోపీ బల్ల మీద పెట్టాడు. వంగి, ఆమె కుర్చీని రెండు చేతులతో వెనక్కి లాగాడు. అది నేల మీద గీసుకుంది.

"కూర్చోండి మిస్ ఇస్బిస్టర్" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇన్నేళ్ళలో ఆయన ఆమెను కూర్చోమన్నది లేదు. కొలిచే మనిషిని కూర్చోమనాల్సిన అవసరం ఎవరికుంటుంది? దుప్పటి అంచులు తడుముకునే వేళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

"నిలబడే చెబుతాను సార్" అంది. "ఎడమ కన్నుంది. దానితో చూశాను, జోడు ఒక్కటే కనిపించింది. కక్ష్యలు కట్టడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు, కాగితమూ పెన్సిలూ చాలు. కొలిచేవాళ్ళెవరో కొలవనివ్వండి. లెక్క నేను కడతాను."

ఆయన జేబులోంచి వ్యాసం తీసి, పెన్నుతో బరువు అంకెను అడ్డంగా కొట్టేశాడు. పై పేజీకి వచ్చి ఆగాడు.

"పేరు?"

"నక్షత్రం ఉంది కదా సార్" అంది ఎఫీ. "పేరు ఉంచండి."

ఆయన తిరిగొచ్చాక తీర్పు చెప్పాడు. కొలిచే కుర్చీలోకి ఇంకో అమ్మాయి వచ్చింది, దూకుడు మనిషి, ప్రతి గీతనూ రెండు పక్కలా కొలుస్తుంది, సన్న గీతల్ని మూడోసారి కూడా కొలుస్తుంది. ఎఫీకి సగం రోజు పని, కిటికీ దగ్గర చిన్న బల్ల. "ప్రస్తుతానికి" అన్నాడాయన. ఆ మాట ఎఫీ ఇంటికొచ్చి చెబితే, థోరా "మనందరం ప్రస్తుతానికేగా ఉన్నది" అని కసిరి, రాత్రి భోజనానికి బల్ల మీద హెరింగులు పెట్టింది. కంటి డాక్టరు కుడి కన్నులో పొర వస్తోందన్నాడు. ఎడమదాని గురించి అడిగితే, "చూద్దాం" అన్నాడు.

అందుకే ఇప్పటికీ పొద్దున్నే, నీళ్ళు పొయ్యి మీద పెట్టకముందే, ఎఫీ వంటగది కిటికీ దగ్గర నిలబడుతుంది. కుడి కన్ను అరచేతితో మూసుకుని, ఊపిరి బిగబట్టి, పోస్టాఫీసు జెండా కర్రకేసి చూస్తుంది.

"ఎన్నే?" అంటుంది థోరా పక్కగదిలోంచి.

"ఒకటే" అంటుంది ఎఫీ. అప్పుడు నీళ్ళు పెడుతుంది.